లారీకి తలంటు

విశాఖపట్నం ఓడరేవులోకి 1933 అక్టోబరులో 'జలదుర్గ' అనే ఓడ మొట్టమొదటిసారిగా ప్రవేశించింది. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న అది జాతికి అంకితమైంది. ఈ విధంగా ఓడకూ, కొలిమికీ నగర చరిత్రలో స్థానం లభించింది. ఓడ దించిన సరుకును, కొలిమి పోసిన ఉక్కును దేశం నలుమూలలకూ మోసుకుపోయే లారీని గురించి మాత్రం చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు. ఇక ఆ లారీని కడిగే చేతుల మాట చెప్పనే అక్కరలేదు.

కాన్వెంట్ కూడలి నుండి షీలానగర్ వరకు సాగే ఓడరేవు రహదారిపై ఒక గంటసేపు నిలబడితే చాలు, ఆ చేతుల అవసరం అర్థమవుతుంది. అక్కడ తిరిగే లారీ ఏ సరుకు మోసిందో దాని ఒంటి రంగే చెబుతుంది. బొగ్గు మోసినది నల్లగా, ఇనుప ఖనిజం మోసినది ఎర్రగా, గంధకం మోసినది పసుపుపచ్చగా కనిపిస్తుంది. ఓడరేవుకు ఆనుకొని ఉన్న పాతనగరంలోని గృహిణులకు ఈ రంగులు కొత్త కావు. ఉదయం తుడిచిన గచ్చు మీద సాయంత్రానికి నల్లని పొర పేరుకోవడం వారికి ఏళ్ల తరబడి అనుభవమే. ఆ ధూళి లేవకుండా ఓడరేవువారు బొగ్గు కుప్పలపై నీరు చల్లుతారు. శుద్ధి చేసిన మురుగునీటిని ఇందుకు వినియోగిస్తారు. అయినప్పటికీ లారీ చక్రాల వెంట కొంత ధూళి ఊరిలోకి ప్రయాణం చేస్తూనే ఉంటుంది.

కంటికి కనిపించే ఈ మూడు రంగుల కంటే కనిపించని నాలుగవది మరింత ప్రమాదకరమైనది. అది సముద్రపు గాలి మోసుకువచ్చే ఉప్పు. గాలిలోని తేమతో కలిసి ఆ ఉప్పు ఇనుప రేకుపై పలుచని పూతగా ఏర్పడుతుంది. రంగు పెచ్చు లేచిన చోట, అతుకు వేసిన చోట, బోల్టు సందులో అది చేరి తుప్పును త్వరపెడుతుంది. ఎరువుల బస్తాల నుండి రాలిన పొడి, తడిసిన గంధకం కూడా ఇనుముకు శత్రువులే. లారీ అడుగుభాగంలో బురద పట్టి ఉంటే తేమ ఆరదు. ఆరని తేమ ఇనుమును లోలోపల తినివేస్తుంది. కాబట్టి తీర ప్రాంతంలో లారీని కడగడమంటే దాని ఆయుర్దాయాన్ని పెంచడమే. అందం ఆ తరువాతి మాట.

విశాఖ ఎడారి కాదు. ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వర్షం పడే ఊరు అది. కాని వేసవి మధ్యాహ్నం లారీ రేకును తాకి చూసినవారికి ఎడారి అంటే ఏమిటో కొంత బోధపడుతుంది. చెయ్యి చురుక్కుమంటుంది. పైగా ఎడారిలో లేని ఉక్కపోత ఒకటి ఇక్కడ అదనం. అటువంటి వేళ వేడి రేకుపై నీరు పోస్తే, తుడవకముందే అది ఆవిరైపోతుంది. నీటిలో కరిగి ఉన్న సున్నపు లవణాలు తెల్లని మచ్చలుగా మిగిలిపోతాయి. సబ్బు నురుగు సైతం ఎండిపోయి చారలు కడుతుంది. కడిగినా కడగనట్లే కనిపించే ఆ లారీని చూసి యజమాని కోప్పడడం సహజం. అందుచేత అనుభవజ్ఞులు తెల్లవారుజామున గాని, పొద్దు వాలిన తరువాత గాని ఈ పనికి పూనుకొంటారు.

వేడిని గురించి తెలుసుకోవలసిన మరొక విషయం ఉన్నది. సాలూరు ఘాటు దిగి వచ్చిన లారీ చక్రాల లోపలి బ్రేకు డ్రమ్ములు, మాటిమాటికీ బ్రేకు వేయడం వల్ల, విపరీతంగా కాగి ఉంటాయి. వాటిపై ఒక్కసారిగా చన్నీరు పడితే పోత ఇనుము పగుళ్లు తీసే అవకాశం ఉంది. ఎంత తొందర ఉన్నా, చక్రం దగ్గర చేయి పెట్టి వేడి తగ్గినదో లేదో చూసుకొన్న తరువాతే నీటిగొట్టం అందుకోవాలి. ఏ బడిలోనూ చెప్పని ఈ పాఠం లారీ మనుషులందరికీ తెలుసు.

గాజువాక, ఆటోనగర్ ప్రాంతాలలోనూ, జాతీయ రహదారి పొడవునా 'వాటర్ సర్వీసింగ్' అనే బోర్డులు కనిపిస్తాయి. ఒక బోరు, ఒక పంపు, లారీ ఎక్కి నిలబడడానికి సిమెంటుతో కట్టిన వాలు దిమ్మె, ఒక రేకుల పాక. చాలాచోట్ల సంస్థ అంతా ఇంతే. పని మాత్రం చిన్నది కాదు. ముందుగా క్యాబిను అద్దాలు ఎత్తివేస్తారు. ఇంజనుకు గాలి అందే మార్గాన్ని, విద్యుత్తు తీగల కూడళ్లను ప్లాస్టిక్ సంచులతో కప్పుతారు. తరువాత ఒకడు లారీ కిందికి దూరుతాడు. జిడ్డు గడ్డకట్టిన చోట డీజిల్ చల్లి నాననిస్తాడు. కమాను కట్టల మధ్య ఇరుక్కున్న మట్టిని ఇనుప పుల్లతో గోకి తీస్తాడు. అప్పుడు పంపు నీరు వేగంగా కొడతాడు. అడుగుభాగం పూర్తయిన పిమ్మట పైభాగం సంగతి. సబ్బునీటితో పైనుంచి కిందికి రుద్దుకుంటూ వస్తారు. కింది నుంచి పైకి రుద్దితే పైమురికి మళ్లీ కిందికే జారుతుందన్నది తెలిసిన విషయమే అయినా, కొత్తగా చేరిన ప్రతివాడూ మొదటి రోజు కింది నుంచే మొదలుపెడతాడు!

కడగడంతో పని ముగియదు. వేగంగా కొట్టిన నీరు కీళ్లలోని గ్రీజును కూడా తోసివేస్తుంది. కాబట్టి వెంటనే ప్రతి కీలుకూ కొత్త గ్రీజు కొట్టాలి. తడిసిన బ్రేకులు వెంటనే పట్టవు. లారీని నెమ్మదిగా నడుపుతూ నాలుగైదుసార్లు బ్రేకు తొక్కి వాటిని ఆరబెట్టాలి. ఈ చివరి అంకాన్ని మరచి నేరుగా రహదారి ఎక్కినవారు ప్రమాదాన్ని వెంటబెట్టుకొని వెళ్తున్నట్లే.

ఇంత వివరం చెప్పడానికి కారణం ఉన్నది. కడిగే మనిషి చెయ్యి లారీలో తాకని భాగం ఉండదు. చక్రపు నట్టు చుట్టూ తుప్పు చార దిగి ఉంటే నట్టు వదులైనదని అర్థం. కమాను పట్టీపై వెంట్రుక వంటి ఎర్రని గీత కనిపిస్తే అది విరగడానికి సిద్ధంగా ఉన్నదని అర్థం. వెనుక జంట చక్రాల మధ్య రాయి ఇరుక్కొంటే అది టైరును కోసివేయవచ్చు. వేగంలో ఎగిరి వెనుక వచ్చేవారికి తగలవచ్చు. మురికి ఉన్నంతవరకు ఇవేవీ కనిపించవు. వైద్యుడు నాడి పట్టి చూసినట్లు ఇతడు లారీ ఒళ్లు పట్టి చూస్తాడు. 

ఈ విద్య ఎలా సంక్రమిస్తుందో తెలియాలంటే, పని ముగించి చేతులు తుడుచుకొంటున్న కుర్రవాడికీ, పాతకాపు అయిన డ్రైవరుకూ మధ్య సాధారణంగా నడిచే సంభాషణ వినాలి.

"ఏటిరా, పని అయిపోయిందా?"

"అయిపోయింది గురువుగారూ."

"ఎనక జోడు చక్రాల మధ్య చెయ్యి పెట్టి చూసినావా?"

"లేదండి."

"అయితే అవలేదురా."

లారీలో డ్రైవరుకు సహాయకుడిగా ఉండే వ్యక్తిని తెలుగునాట 'క్లీనరు' అని పిలవడం ఎంతో సార్థకమైన విషయం. అతడు సరుకుపై పట్టా కడతాడు, వెనుకకు తిప్పేటప్పుడు దారి చూపుతాడు, స్టెప్నీ మారుస్తాడు, రాత్రివేళ డ్రైవరు నిద్రలోకి జారకుండా కబుర్లు చెబుతాడు. ఇన్ని పనులు ఉండగా లోకం అతనికి పెట్టిన పేరు మాత్రం కడిగేవాడనే. భూమి లేని కుటుంబాల పిల్లలకు, చదువు మధ్యలో ఆగినవారికి ఈ క్లీనరు ఉద్యోగం ఒక ద్వారం వంటిది. అద్దం తుడవడంతో మొదలై, కొన్నేళ్లకు స్టీరింగు వరకు చేరిన డ్రైవర్లు ఉత్తరాంధ్ర పల్లెలలో కోకొల్లలు. ఫీజు లేని విద్యాలయం అది.

అయితే ఈ గురుకులాన్ని కీర్తించేవారు దానిలోని చీకటిని దాచరాదు. ఎందరో బాలురు ఆడుకోవలసిన వయసులో ఆ పనిలో చేరారు. పలువురికి తిండి, కొద్దిపాటి బత్తా తప్ప జీతం అనేది తెలియదు. డీజిల్, సబ్బు కలిసిన నీటిలో గంటల తరబడి నానిన చేతుల చర్మం తెల్లబడి పగుళ్లు తీస్తుంది. మోటారు రవాణా కార్మికుల కోసం 1961లో పార్లమెంటు చేసిన చట్టం తన నిర్వచనంలో డ్రైవరు, కండక్టరులతో పాటు క్లీనరును కూడా పేరు పెట్టి చేర్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పనివేళలు నిర్ణయించింది. బాలలను పనిలో పెట్టరాదని నిషేధించింది. చట్టం క్లీనరును గుర్తించింది గాని, రహదారి చట్టాన్ని గుర్తించడానికి చాలాకాలం పట్టింది.

తెలుగువారికి వాహనాన్ని కడగడం కొత్త ఆచారమేమీ కాదు. లారీకి ముందు ఎడ్లబండి ఉండేది. కనుమనాడు ఎద్దులను చెరువుకు తోలి, గడ్డితో ఒళ్లు రుద్ది, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టేవారు. ఆ రైతు మనుమడే నేడు దసరాకు ఆయుధపూజనాడు లారీకి తలంటు పోస్తాడు. బంతిపూల దండ వేస్తాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాడు, గుమ్మడికాయ దిష్టి తీస్తాడు. ఆశీలుమెట్టలోని సంపత్ వినాయకుని గుడి ముందు కొత్త వాహనాలు పూజకై బారులు తీరడం నగరవాసులకు నిత్యం కనిపించే దృశ్యమే. దేవుని ముందుకు మురికి బండిని తీసుకుపోయేవాడు ఎవడూ ఉండడు. ఏడాదిలో ఆ ఒక్కరోజు చూపే శ్రద్ధ మిగిలిన రోజులలోనూ చూపితే ఎన్నో ప్రమాదాలు తప్పుతాయి గదా అని అనిపించక మానదు.

సరుకు మారేటప్పుడు కడగడం మరింత బాధ్యతగా మారుతుంది. నిన్న ఎరువు మోసిన తొట్టిలోనే రేపు బియ్యం బస్తాలు వేయవలసి రావచ్చు. మాంగనీసు పొడి ఉన్న చోట పంచదార ఎక్కించవలసి రావచ్చు. బాడుగ తొందరలో తొట్టిని చీపురుతో ఊడ్చి సరిపెడితే, ఆ పొడి ఏ ఇంటి కంచంలో తేలుతుందో ఎవరికీ తెలియదు. తొట్టి మూలలలో చేయి పెట్టి శుభ్రం చేసి, పూర్తిగా ఆరిన తరువాతే సరుకు ఎక్కించమని పట్టుబట్టే క్లీనరు, ఎన్నడూ చూడని కుటుంబాల ఆరోగ్యాన్ని కాపాడుతున్నాడు. అతనికి ఆ సంగతి తెలియకపోవచ్చు. బియ్యం తిన్నవారికి అసలే తెలియదు.

ఇక నీటి విషయానికి వస్తే, అసలు చిక్కంతా అక్కడే ఉన్నది. విశాఖ నగరానికి తాటిపూడి, రైవాడ, మేహాద్రిగెడ్డ వంటి జలాశయాల నుండి నీరు అందుతుంది. ఏలేరు జలాశయం నుండి సుమారు 150 కిలోమీటర్ల కాలువలో ప్రవహించి వచ్చే నీరు ఉక్కు కర్మాగారం దాహాన్నీ, నగర దాహాన్నీ తీరుస్తుంది. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు మంచినీటికి అంత దూరం చేయి చాచవలసి వచ్చింది! సాధారణ నీటిగొట్టం నిమిషానికి 18 లీటర్లు వదిలితే, అరగంటకు 540 లీటర్లు అవుతుంది. నగరాలలో ఒక మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు కావాలని ప్రణాళికాకర్తల అంచనా. అంటే ఆ అరగంటలో నలుగురు మనుషుల ఒకనాటి నీరు లారీ మీదుగా నేలపాలవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు విద్యుత్తు లేక పంపులు ఆగిపోయి, నగరమంతా బిందెలు పట్టుకొని ట్యాంకర్ల కోసం ఎదురుచూసింది. ఆ వారంలో ఒక బిందె నీటి విలువ ఎంతో పెద్ద మేడలలోనివారికి కూడా తెలిసింది. బెంగళూరులో 2024 మార్చిలో నీటి ఎద్దడి తీవ్రమైనప్పుడు, తాగునీటితో వాహనాలు కడిగినవారికి 5000 రూపాయల జరిమానా విధించారు.

వాడిన నీరు ఎక్కడికి పోతుందన్నది రెండవ ప్రశ్న. కొండల నుండి దిగి సముద్రంలోనో, ఓడరేవు జలాలలోనో కలిసే వాగులను ఉత్తరాంధ్రలో 'గెడ్డ' అంటారు. సర్వీసింగు పాకల నుండి వచ్చే నూనె, సబ్బు, బొగ్గు పొడి కలిసిన నీరు కాలువ వెంట గెడ్డకు చేరుతుంది. దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. వరుసగా మూడు అరల తొట్టి కట్టి నీటిని వాటిగుండా పోనిస్తే, మొదటి అరలో మట్టి అడుగున పేరుకొంటుంది, రెండవ దానిలో నూనె పైకి తేలుతుంది, మూడవదానిలోని నీటిని చక్రాలు కడగడానికి తిరిగి వాడుకోవచ్చు. మడ్డిని ఎప్పటికప్పుడు తీసి, తగిన చోటికి పంపాలి. అంతే. ఆ మాత్రం తొట్టి కట్టించడానికి స్థలం లేదనేవారు బోర్డు పెట్టుకోవడానికి మాత్రం రెండింతల స్థలం వెదుక్కొంటారు.

నీటి విలువను ఎడారి దేశాలు ముందే నేర్చుకొన్నాయి. ఏడాదికి వంద మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే దుబాయిలో తాగునీరు చాలావరకు సముద్రజలం నుండి ఉప్పు తీసి తయారుచేసినదే. అక్కడ ఇసుక గాలికి వాహనం ఒక్కరోజులో మాసిపోతుంది. మాసిన కారును వీధిలో వదిలివేసి పోయేవారికి 500 దిర్హాముల జరిమానా తప్పదని 2019లో ఆ నగర పురపాలక సంస్థ హెచ్చరించింది. కడగక తప్పదు, నీరు ఒలకబోయడానికి వీలులేదు. ఈ రెండింటి మధ్య నుండే సంచార ప్రక్షాళన అనే వృత్తి అక్కడ బలపడింది. చిన్న నీటి తొట్టి, పంపు అమర్చిన బండి వాహనాలు నిలిచి ఉన్న చోటికే వెళుతుంది. సన్నని ధారగా నీటిని పిచికారీ చేసి, మెత్తని గుడ్డతో తుడుస్తారు. కొన్నిచోట్ల నేలపై పట్టా పరిచి, జారిన మురికినీటిని మళ్లీ తోడుకొంటారు. ఒక బక్కెట్టు, రెండు గుడ్డలతో వరుసగా కార్లన్నీ తుడిచే పనివారిలో కరీంనగర్, కోనసీమ, కడప ప్రాంతాల నుండి వెళ్లిన తెలుగువారూ ఉన్నారు. జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుండి 3 గంటల దాకా ఎండలో పని చేయించరాదని ఆ దేశంలో నియమం ఉన్నది. విశాఖ ఓడరేవు రహదారిపై అటువంటి విరామపు గంట మోగదు.

ఆ సంచార పద్ధతి నేడు విశాఖలోనూ ప్రవేశించింది. కబురు చేస్తే అపార్టుమెంటు ముంగిటికే బండి వచ్చి కార్లు కడిగి పోతుంది. నీరు తక్కువ, సమయం తక్కువ. రవాణా సంస్థల ఆవరణలలో వరుసగా నిలిపిన లారీలకు కూడా ఇది అనువైన పద్ధతే. ఆర్టీసీ డిపోలలో ఎన్నో ఏళ్లుగా జరుగుతున్నది ఇటువంటి సామూహిక ప్రక్షాళనే. నగరం నిద్రించే వేళ శ్రామికులు బస్సులను వరుసగా కడిగి, తెల్లవారేసరికి ప్రయాణికులకు అప్పగిస్తారు. అక్కడ కడిగేవారి వెనుకనే మెకానిక్ ఉంటాడు. కనిపించిన లోపాన్ని పుస్తకంలో రాసుకొంటాడు. అద్దెకు వచ్చి కడిగిపోయే బండి వెనుక అటువంటి పుస్తకం లేదు. పైరంగు మెరిస్తే అతని పని పూర్తయినట్లే. రాయి ఉన్నదా, పట్టీ విరిగినదా అని అడిగేవాడూ లేడు, చెప్పేవాడూ లేడు.

అదే కాలంలో లారీలో క్లీనరు కూర్చొనే చోటు ఖాళీ అవుతూ వచ్చింది. డీజిలు ధర, టైర్ల ధర, టోలు రుసుము పెరిగేకొద్దీ యజమానులు ముందుగా తగ్గించుకొన్న ఖర్చు అతని బత్తాయే. ఒంటరి డ్రైవరుతో నడిచే లారీలు రహదారిపై ఎక్కువయ్యాయి. సరుకు రవాణా వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలని చట్టం. ఎనిమిదవ తరగతి చదివి ఉండాలన్న నియమాన్ని ప్రభుత్వం 2019లో తొలగించింది. చదువు అడ్డు తొలగింది గాని, పక్కన కూర్చొని పని నేర్చుకొనే పీట కూడా తొలగిపోయింది. డ్రైవర్లు దొరకడం లేదని చింతించే యజమానులు, ఆ పీటను తామే తీసివేసిన సంగతిని గుర్తుచేసుకోరు.

ఇప్పుడు ఆటోనగర్‌లో పొద్దు వాలిన వేళ లారీ దిమ్మె ఎక్కుతుంది. పంపు మోగుతుంది. అరగంటలో నలుపు, ఎరుపు అన్నీ వదిలి అసలు రంగు బయటపడుతుంది. డబ్బు చెల్లించిన డ్రైవరు వెంటనే బయలుదేరడు. వయసు యాభై దాటినవాడైతే, క్లీనరుగా బతుకు మొదలుపెట్టినవాడైతే, నడుము పట్టుకొని నెమ్మదిగా వంగుతాడు. సెల్‌ఫోను దీపం వెలిగించి, ఇంకా నీరు కారుతున్న లారీ కిందికి దూరుతాడు. వెనుక జంట చక్రాల మధ్య చెయ్యి పెట్టి చూస్తాడు.